పిస్తోలు ఉండగా అంబులెన్సు ఎందుకండీ?

ఒంటరి ముసలమ్మను పట్టించుకునే నాథుడు ఈ కౌంటీలో లేడని కొందరు గొణుగుతున్నారు. పచ్చి అబద్ధం! తుపాకుల కొట్టు రాండల్ ఉన్నాడు.

ఊరికే అనడం లేదు. మా ఆయన పోయాక నా బాగోగులు ఎవరు అడిగారో మీరే చూడండి. కొండ అవతల ఆసుపత్రిలో డాక్టరు నాకు కేటాయించిన కాస్త సమయంలో నేను కోటు బొత్తాలు కూడా పూర్తిగా విప్పలేకపోయాను. ఆయన కంప్యూటరు వంకే చూస్తూ, "అన్నీ మామూలేగా?" అన్నాడు. కోటు లోపల ఏముందో ఆయనకెలా తెలుస్తుంది? నాకే తెలియక కదా వెళ్లింది!

రాండల్ అలాంటివాడు కాదు. కూర్చోమని స్టూలు వేశాడు. కాఫీ ఇచ్చాడు. నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు. కీళ్లు ఎప్పటినుంచి వాచాయి? ఎడమ కన్ను ఎంత దూరం ఆనుతోంది? భుజం నొప్పి ఉందా? నిద్ర పడుతోందా? మందులేమైనా తల తిప్పుతున్నాయా? ఇంట్లో ఎవరుంటారు? అన్నీ అడిగాడు. జవాబు చెప్పేదాకా ఆగాడు కూడా! అంత్యక్రియల రోజున పాదిరిగారు పట్టుకున్న తర్వాత నా చెయ్యి ఇంకో మనిషి పట్టుకోవడం అదే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇదంతా పిస్తోలు పిడి కొలతకే అనుకోండి. అయితేనేం? ఫీజు లేదుగా!

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈ వారం ఈ పత్రికలో నేను మనవి చేసేది ఒక్కటే. మన లిక్ బ్రాంచి లోయలో ఉండేవాళ్లకు కావలసింది అంబులెన్సు కాదు. తక్కువ ధరలో దొరికే, నమ్మకమైన, గురి తప్పని ఒక సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. అదెలా ఎంచుకోవాలో కష్టపడి నేర్చుకున్నాను. మీకూ చెబుతాను. మధ్యలో మా ఎదురింటి వెల్మా ప్రాణం సంగతి కూడా వస్తుంది. అది పిస్తోలంత ముఖ్యమైన సంగతి కాదు గానీ, కాస్త ఓపిక పట్టి వినండి.

అసలీ జ్ఞానోదయం నాకు వసంతకాలంలో కౌంటీ సభలో కలిగింది. వెల్మాకు తోడుగా వెళ్లాను. వెల్మా గుండె ఇప్పటికే రెండుసార్లు మరమ్మతు చేయించుకున్నది. మన ఫైర్‌హాలు వెనక నిలిపి ఉంచే అంబులెన్సును కొండ అవతలికి తరలిస్తారని విని, కట్టె ఊనుకుంటూ ఆ సభకు వచ్చింది.

ఆ రోజు సభ ముందు రెండు విషయాలున్నాయి. మొదటిది, ఈ కౌంటీలో ఎవరి పిస్తోలునూ ఎవరూ ముట్టుకోరాదన్న తీర్మానం. ఎవరైనా ముట్టుకోబోయారా అని అడక్కండి. ఎవరూ ముట్టుకోలేదు. అయినా ముట్టుకోరాదు! చైర్మన్ ఆర్విల్ స్టాంపర్ గారు తీర్మానాన్ని గుండెమీద చెయ్యి వేసుకుని చదివారు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు టోపీలు తీశారు. నా పక్కనున్నాయన ముక్కు చీదుకున్నాడు.

రెండోది, అంబులెన్సు. అప్పటికి జనం కోట్లు తొడుక్కుంటున్నారు. పెట్రోలు, బీమా భారమైపోయాయి గనుక బండిని కొండ అవతల ఉంచుతున్నామని ఆర్విల్ గారు చెబుతుండగా వెల్మా కట్టె నేలకేసి కొట్టి లేచింది.

"ఒరే ఆర్విల్, నా గుండె ఆగితే అవతల్నుంచి బండి రావడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?"

"రోడ్డు బాగుంటే ముప్పావుగంట పిన్నీ."

"మంచు పట్టి ఉంటే?"

"దేవుడున్నాడు పిన్నీ."

"దేవుడొచ్చేది కూడా ఆ కొండ రోడ్డు మీదేనా?"

జనం ఘొల్లుమన్నారు. ఆర్విల్ గారు కూడా మనసారా నవ్వారు. నవ్వుతూనే చేతులెత్తించారు. అంబులెన్సు కొండ దాటిపోయింది. ఇంత సరదాగా జరిగిన సభ నేనైతే చూడలేదు!

ఇంటికి వచ్చేటప్పుడు మా మరిది డెల్బర్ట్ తన ట్రక్కులో నాకు హితబోధ చేశాడు. డెల్బర్ట్ మా ఆయనకు తమ్ముడు. ఫైర్‌హాలులో మంటలార్పే బృందానికి జీతం లేని పెద్ద. మనసు వెన్న. బుర్ర సంగతి మీరే చూడండి.

"చూడొదినా, షెరీఫు రావడానికీ అంతే టైము పడుతుంది. ఒక్కదానివే ఉంటావు. పిస్తోలు కొనుక్కో."

"నా ఇంట్లో దొంగ పట్టుకుపోవడానికి ఏముందిరా?"

"పిస్తోలుంటుందిగా! అది పట్టుకుపోకుండా చూసుకోవద్దూ?"

ఈ తర్కానికి ఎదురు చెప్పగలిగినవాళ్లుంటే చెప్పండి. నాకు చేతకాలేదు. అయినా ఒక్క సందేహం మిగిలింది, అడిగేశాను.

"మీ అన్నను పట్టుకుపోయినవాడు తలుపు పగలగొట్టలేదు డెల్బర్ట్. పొద్దున టిఫిన్ బల్ల దగ్గర, చొక్కా లోపలినుంచి వచ్చాడు. వాడికి ఏ పిస్తోలు సరిపోయేది?"

డెల్బర్ట్ మలుపు తిరిగేదాకా ఆలోచించాడు.

"ఫార్టీ ఫైవ్" అన్నాడు. "అది దేన్నైనా ఆపుతుందొదినా."

మా ఆయనకు గుండెపోటు వచ్చిన రోజు ఫార్టీ ఫైవ్ అనే ఆ లావు తూటాల పిస్తోలు మా ఇంట్లో లేకపోయింది. ఫైర్‌హాలు వెనక అంబులెన్సు మాత్రం ఉంది. నేను ఫోను పెట్టి ఆయన చొక్కా బొత్తాలు విప్పేలోపు వాకిట్లో ఆగింది. దానివల్ల ఒరిగిందేముంది? ఆయన ఇంకో రెండు రోజులు బతికాడు, అంతే. ఆ రెండు రోజుల్లో యాభై ఏళ్లుగా చెప్పుకోని మాటలన్నీ చెప్పుకున్నాం. ఈ మాత్రం లాభానికి కౌంటీ సొమ్ము తగలెయ్యాలా? న్యాయం మీరే చెప్పండి!

సరే, పిస్తోలుకు వద్దాం.

మొదట తెలుసుకోవలసింది, ఈ విషయంలో సలహాకు కొదవ లేదని. నాకు చదువు అబ్బింది అరవై దాటాక, లైబ్రరీ గదిలో సాయంత్రం క్లాసులో. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి వాక్యం రోడ్డు పక్క పెద్ద బోర్డు మీదిది: "మీ ఇంటిని ఎవరు కాపాడతారు? రాండల్ కొట్టు, రెండో మలుపు." లైబ్రరీని తర్వాత మూసేశారు. బోర్డును మాత్రం ఏటా రంగు వేసి నిలబెడుతున్నారు. చదువు మరిచిపోకుండా రోజూ దాన్నే చదువుకుంటున్నాను.

ఇక మన లోయలో రెండు చర్చిలున్నాయి కదా. బాప్తిస్మానికి మనిషిని నిలువునా ముంచాలా, నెత్తిన చిలకరిస్తే చాలా అన్న దగ్గర విడిపోయి, తాతల కాలం నుంచి ఒకరి విందుకు ఒకరు వెళ్లరు. పిస్తోలు వచ్చి ఆ అడ్డుగోడ కూల్చేసింది! ఇప్పుడు రెండు చర్చిల్లోనూ సన్న తూటాల నైన్ మిల్లీమీటరు వాళ్లున్నారు, ఫార్టీ ఫైవ్ వాళ్లున్నారు. ముంచేవాళ్లలోని నైన్‌వాళ్లు, చిలకరించేవాళ్లలోని నైన్‌వాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుని ఫార్టీ ఫైవ్ వాళ్లను తిడుతున్నారు. ప్రభువు వల్ల కాని ఐకమత్యం తూటా వల్ల అయింది.

రాండల్ నాకు మొదట గులాబీ రంగుది చూపించాడు. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది.

"ఆడవాళ్ల కోసమే చేశారు పెద్దమ్మా. సంచిలో పెట్టుకుంటే లిప్‌స్టిక్ అనుకుంటారు."

"నేను లిప్‌స్టిక్ మానేసి ముప్పై ఏళ్లయింది నాయనా."

"అయితే ఇంకెవరూ అనుమానించరు!"

కొట్టు వెనక మట్టిగట్టు దగ్గర ఒక్కసారి కాల్చాను. గాడిద తన్నినట్టు తన్నింది. తూటా ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. మీ పెరట్లో దొరికితే దయచేసి తెలియజేయండి.

కాబట్టి మొదటి పాఠం. చిన్న పిస్తోలు ఎక్కువ తన్నుతుంది, బరువైనది తక్కువ తన్నుతుంది. ముసలి చేతికి కాస్త బరువైనదే నయం. ఈ లోకంలో మగవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అయినా ఆడదాని చేతిలో పెట్టేది మాత్రం ఆ గులాబీదే!

రెండో పాఠం స్లైడు. సెమీ ఆటోమేటిక్ అంటే మీట నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కి కూర్చునేది. కానీ మొదటి తూటాను మనమే ఎక్కించాలి. అందుకు పైనున్న స్లైడు అనే ఇనుప తొడుగును వెనక్కి లాగి వదలాలి. లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. ఊరగాయ సీసా మూత తియ్యడానికే ఎదురింటికి పరిగెత్తించే చేతులివి, ఇవేం లాగుతాయి?

"పర్లేదొదినా" అన్నాడు నాకు తోడొచ్చిన డెల్బర్ట్. "దొంగను కాసేపు కూర్చోబెట్టి నాకు ఫోను చెయ్యి. నేనొచ్చి లాగిపెట్టి పోతాను."

"వాడికి కాఫీ కూడా పెట్టమంటావా?"

"పెట్టు. నాక్కూడా ఉంచు."

రాండల్ వాణ్ని కసిరి, స్లైడును వెనక్కి లాగడం మాని, ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యమన్నాడు. తోశాను. కదిలింది! ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం పెళ్లినాడు కూడా కలగలేదు.

మూడో పాఠం నమ్మకం. పిలిచినప్పుడు పలకాలి. నడుమ తూటా అడ్డం పడి నోరు మూసుకోకూడదు. రాండల్ నాకొక నీతి చెప్పాడు, గోడకు రాసిపెట్టుకోదగ్గది: "పెద్దమ్మా, అవసరం వచ్చిన క్షణంలో పనిచెయ్యనిది ఎంత చవకైనా దండగే." ఆ మాట ఆర్విల్ గారి చెవిన కూడా వేశాను. పిస్తోలు విషయంలో నూటికి నూరుపాళ్లు నిజమన్నారు.

నాలుగోది గురి. గురి ఎక్కువగా పిస్తోలులో ఉండదు, వేలిలో ఉంటుంది. మీట మెత్తగా ఉండాలి. గుప్పిట గట్టిగా ఉండాలి. పిస్తోలుకు పెట్టిన సొమ్ములో కొంత మిగుల్చుకుని తూటాలు కొని సాధన చెయ్యాలి. సాధన చెయ్యనివాడు ఎంత ఖరీదైనది కొన్నా ఆవును కొడతాడు.

ఇక చవకగా కావాలంటే కొత్తదాని జోలికి పోకండి. పోలీసులు వాడి వదిలేసినవి వస్తాయి. ఒరలోంచి తీసి పెట్టీ తీసి పెట్టీ పైనంతా గీతలుంటాయి. లోపల మాత్రం కొత్త పెళ్లికూతురు! ఎందుకంటే వాళ్లు దాన్ని కాల్చరు, దానిమీద కూర్చుంటారు. అలాంటి నైన్ మిల్లీమీటరుది ఒకటి రాండల్ నాకోసం పక్కన తీసిపెట్టాడు. బరువుగా, మొరటుగా, మా ఆయనలాగే ఉంది. ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఇంతలో ఆ పిస్తోలు నా ఇంటికి కాకుండా లోకకల్యాణానికి వెళ్లింది. ఎలాగంటే, ఫైర్‌హాలువాళ్లు అంబులెన్సును తిరిగి తెప్పించుకోవాలనుకున్నారు. నడిపేవాళ్లు ఊరివాళ్లే, జీతం అడగరు. పెట్రోలు, బీమా మనం భరిస్తే బండి మన దగ్గరే పెడతామని కౌంటీ మాటిచ్చింది. సరేనని డెల్బర్ట్, వాడి బృందం నాలుగురోడ్ల కూడలిలో నిలబడి, మంటల్లో తొడిగే పెద్ద బూట్లు కార్ల ముందు చాచి చందా అడిగారు. ఒక శనివారమంతా నిలబడ్డారు. బూట్లు బోర్లిస్తే చిల్లర, రెండు బొత్తాలు, ఒక చర్చి కరపత్రం రాలాయి.

"అంబులెన్సు కోసమండీ" అంటే జనం అద్దాలెత్తుకున్నారట. నాకు గుండెజబ్బు లేదు, నేనెందుకివ్వాలి అన్నాడట ఒకాయన. ఆ మాట అంటూ ఆయన తింటున్నది రెండో హాంబర్గరట.

అప్పుడు రాండల్ ఆ పోలీసు పిస్తోలును కొన్నధరకే ఇచ్చాడు. దాన్ని బహుమతిగా ఉంచి లాటరీ పెట్టారు.

అమ్మమ్మమ్మా! ఏం చెప్పమంటారు! కిరాణా కొట్టు ముందు బల్ల వేసుకుని వెల్మా, నేను టికెట్లు అమ్మాం. అద్దాలెత్తుకున్నవాళ్లే కార్లు దిగి వరస కట్టారు. పిస్తోలుకు దండం పెట్టినంత పని చేశారు. హాంబర్గరాయన టికెట్లు కట్టగా కొన్నాడు.

"ఇదంతా అంబులెన్సు పెట్రోలుకే నాయనా" అని వెల్మా చెప్పింది.

"దానికైతే దానికి! స్లైడు గీసుకుపోయిందా, బాగుందా?"

వెల్మా నా వంక తిరిగి, "చూడవే మర్టిల్, నేను నా గుండెను బల్లమీద పెట్టి కూర్చున్నా ఒక్కడు చూడలేదు. దానికి మీట లేదనేమో!" అంది. తను కూడా ఒక టికెట్టు కొనుక్కుంది. పిస్తోలు మీద మోజుతో కాదు. నా బండికి నేను ఒక చుక్క పెట్రోలైనా పొయ్యకపోతే ఎలాగని.

ఇక్కడ మన ఊరి లాటరీ నియమం ఒకటి గుర్తుచెయ్యాలి. గెలిచినవారు టికెట్టు తీసే వేళ ఫైర్‌హాలులో హాజరై ఉండాలి. లేకపోతే చెల్లదు, ఇంకోటి తీస్తారు. ఎందుకంటారా? జనం వస్తేనే కదా చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె, కేకులు అమ్ముడయ్యేది!

నవంబరులో ఆ శనివారం సాయంత్రం కొండమీద మంచు దిగుతోంది. వెల్మాను ఇంట్లోనే ఉండమన్నాను. డాక్టరు చలిలో తిరగొద్దన్నాడు కదా అన్నాను.

"హాజరు లేకపోతే చెల్లదటగా" అంది. "పైగా నా కేకు ముక్కలు లావుగా కోస్తావు నువ్వు. లాభం పోతుంది."

ఎండు ఆపిళ్లు పొరలుగా పెట్టి చేసిన కేకు. దాన్ని ఒళ్లో పెట్టుకుని డెల్బర్ట్ ట్రక్కులో వచ్చింది.

హాలు కిటకిటలాడింది. ఆ రాత్రి ఈ అమెరికాలో అంతకంటే భద్రమైన చోటు ఇంకోటి ఉండదని నేను ప్రమాణం చేసి చెబుతాను. ఎవరి నడుము చూసినా పిస్తోలే. పాదిరిగారి కోటు కింద ఒకటి. చర్చిలో వాద్యం వాయించే ఆవిడ సంచిలో ఒకటి. వెల్మానూ నన్నూ పక్కనపెడితే, పిస్తోలు లేని మనిషంటూ ఉంటే పాదిరిగారి ఏడాది మనవరాలు ఒక్కతే. ఏ దొంగ వచ్చినా, ఏ సైన్యం వచ్చినా తలుపు దగ్గరే జల్లెడైపోయేది.

ఏ దొంగా రాలేదు. వెల్మా మాత్రం కేకు కోస్తూ కోస్తూ కత్తి బల్లమీద పెట్టి, "మర్టిల్, ఇక్కడ..." అని పక్కకు ఒరిగింది. కుర్చీతో సహా పడింది.

ఆ చప్పుడుకు హాలులో ఎంత మెలకువో చూడాలి! రెప్పపాటులో కనీసం డజనుమంది చేతులు నడుముల మీదికి పోయాయి. "ఎవరూ కదలొద్దు! తలుపు చూడండి!" అని ఎవరో అరిచారు. తలుపు చూశారు. కిటికీలు చూశారు. వెల్మాను చూడ్డానికి కాస్త ఆలస్యమైంది. అందరూ పిస్తోలు క్లాసులో తర్ఫీదు పొందినవాళ్లే. పడ్డవాళ్లను ఏం చెయ్యాలో ఆ క్లాసులో లేదు.

స్కూలు బస్సు నడిపే వాండా ఒక్కతే జనాన్ని తోసుకుంటూ వచ్చింది. బస్సు నడపాలంటే ప్రథమ చికిత్స నేర్చుకుని తీరాలని స్కూలువాళ్ల నియమం. నేలమీద మోకాళ్లు వేసి వెల్మా ఎదమీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది.

"లెక్కపెట్టండి! ఎవరైనా గట్టిగా లెక్కపెట్టండి!" అంది.

పాదిరిగారు లెక్కపెట్టారు. ముంచేవాళ్లూ చిలకరించేవాళ్లూ కలిసి లెక్కపెట్టారు. డెల్బర్ట్ ఫోను చేశాడు. కొండ అవతలి బండి బయలుదేరింది గానీ మంచులో పాకుతూ వస్తోందన్నారు. ఆగితే పని కాదని, బల్ల పైచెక్క ఊడదీసి దానిమీద వెల్మాను పడుకోబెట్టి, డెల్బర్ట్ ట్రక్కు వెనక ఎక్కించారు. వాండా నొక్కుతూనే ఎక్కింది. పాదిరిగారు లెక్కపెడుతూనే ఎక్కారు. నాకు చోటు లేదు. ఎత్తేటప్పుడు జారిపోయిన వెల్మా ఎడమకాలి బూటు పట్టుకుని నేను హాలులో మిగిలిపోయాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పిస్తోలు ప్రజాస్వామ్యానికి చేసిన మేలు ఇక్కడే ఉంది.

జనం కొండలు దిగి వచ్చారు, సూపు చల్లారిపోతోంది, లాటరీ ఆపడం బాగుండదని నిర్ణయించారు. ఆర్విల్ గారే కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టి టికెట్టు తీశారు. చదివారు.

వెల్మా టికెట్టు.

"హాజరు లేదు" అన్నాడు హాంబర్గరాయన వెంటనే. "ఇంకోటి తియ్యండి."

"హాజరైంది కదయ్యా! ఇక్కడే కదా పడింది!"

"పడ్డాక లేదుగా!"

"తనంతట తాను వెళ్లిందా? మోసుకెళ్లారు. మోసుకెళ్తే గైరుహాజరెలా అవుతుంది?"

"రూలు రూలే. లోపలుండాలి. ఆమె మొత్తం బయటుంది."

"మొత్తం ఎక్కడ? బూటు ఇక్కడే ఉందిగా!"

అందరూ నా వంక తిరిగారు. నేను బూటు పైకెత్తి చూపించాను. ఏం చెయ్యను?

చర్చ కొత్త మలుపు తిరిగింది. బూటు మనిషిలో భాగమా, మనిషి ఆస్తిలో భాగమా? ఒకాయన తను సైన్యంలో ఉన్నప్పటి ఉదాహరణ చెప్పాడు. ఇంకొకాయన లేఖనాలు ఉటంకించాడు. ఒకావిడ, కాలు లేని బూటుకు ఓటుహక్కు ఉంటుందా అని నిలదీసింది. ఆర్విల్ గారు అందరి మాటా శ్రద్ధగా విన్నారు, ఎవరినీ తొందరపెట్టలేదు. ఎవరూ కోటు తొడుక్కోలేదు. ఒక్కరూ ఇంటికి పోలేదు. వసంతంలో అంబులెన్సును కొండ దాటించడానికి పట్టిన కాలానికి పదింతలు పట్టింది. చివరికి ఆర్విల్ గారు బల్ల చరిచి తీర్పు చెప్పారు:

"బూటును హాజరుగా లెక్కిస్తున్నాం."

చప్పట్లు మోగాయి. కొందరు టోపీలు తీశారు. సరిగ్గా ఆ చప్పట్ల మధ్యే డెల్బర్ట్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కొండ శిఖరం మీద ట్రక్కు, అంబులెన్సు మంచులో ఎదురుపడ్డాయి. వెల్మాను బండిలోకి మార్చారు. కరెంటు పెట్టి గుండెను కొట్టి లేపారు. ఇంకాస్త ఆలస్యమైతే లేచేది కాదన్నారు.

వెల్మా క్రిస్మసు ముందు ఇల్లు చేరింది. నోరు ఎప్పటిలాగే ఉంది. ఎడమచెయ్యి మాత్రం మాట వినడం లేదు. పిస్తోలు అందుకోవడానికి రాండల్ కొట్టుకు చక్రాల కుర్చీలో తీసుకెళ్లాం. రాండల్ ఆమెకు కూడా స్టూలు వేయబోయి నాలుక కరుచుకున్నాడు. చెయ్యి పట్టుకుని వేళ్లు వంచి చూశాడు. స్లైడు లాగించబోయాడు. ఆ చెయ్యి దాన్ని కదపలేకపోయింది. కుడిచేత్తో ముందుకు తొయ్యమన్నా లాభం లేకపోయింది.

"మంచి పిస్తోలేనా ఇది?" అని అడిగింది వెల్మా.

"దీనంత నమ్మకమైంది నా కొట్లో లేదు పెద్దమ్మా. ఈ ధరకు అసలే లేదు."

"అవున్రా. పెట్టిన ఒక్కసారికే పనిచేసింది. తిరిగి తీసుకుని మళ్లీ లాటరీ పెట్టండి."

డెల్బర్ట్ ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే మొదటి లాటరీ సొమ్ము లెక్క తేలేసరికి, చలికాలం పొడవునా వారానికి రెండు రోజులకే సరిపోయింది. అందుకే ఇప్పుడు అంబులెన్సు ప్రతి శుక్రవారం పొద్దున కొండ దిగి మన ఫైర్‌హాలుకు వస్తోంది. ఆదివారం పొద్దున మళ్లీ కొండెక్కి పోతోంది. చుట్టపుచూపుగా వచ్చే కొత్త అల్లుడిలాగా!

మిగతా ఐదు రోజుల మాటేమిటని వెల్మా ఆర్విల్ గారిని నిలబెట్టి అడిగింది. ఆయన తప్పించుకోలేదు. నిజాయితీగా ఆలోచించి, "పిస్తోలుకు తోడు రైఫిలు కూడా పెడితే ఇంకో రెండు రోజులు వస్తాయి పిన్నీ" అన్నారు.

విన్నారా? ఇంత సులువైన దారి ఇన్నాళ్లూ మనకు తోచలేదు! రైఫిలుకు సోమ, మంగళవారాలు. డబుల్ బ్యారల్ తుపాకికి బుధవారం. కాన్పులు చూసే నర్సు కావాలంటే మెషీన్‌గన్ పెట్టాలి. మూసేసిన మన ఆసుపత్రిని మళ్లీ తెరిపించాలంటే ఫిరంగి తప్పదు. కేన్సరు డాక్టరు రావాలంటే యుద్ధనౌకే గతి, దాన్ని మన వాగులోకి ఎలా తేవాలో డెల్బర్ట్ ఆలోచిస్తున్నాడు.

అందాకా పాఠకులకు నా విన్నపం. వచ్చే నెల లాటరీకి టికెట్లు కిరాణా కొట్టు ముందు నా దగ్గర దొరుకుతాయి. పిస్తోలు అదే, ఎవరూ కాల్చలేదు. గెలిచినవారు హాజరై ఉండాలి, కనీసం బూటైనా.

గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, నెలలు నిండని కాన్పు వంటి పనులున్నవారు దయచేసి వాటిని శుక్ర, శనివారాలకు సర్దుకోండి. మిగతా రోజుల్లో తెచ్చుకుని కౌంటీని ఇబ్బంది పెట్టకండి.

వెల్మాకు ఇంకో పోటు ఎప్పుడైనా రావచ్చని డాక్టరు అన్నాడు. వారంలో ఏ రోజండీ అని అడిగాను. ఆయన కంప్యూటరు వంక చూశాడు. వెల్మా మాత్రం మంచి పౌరురాలు. శుక్రవారం దాకా ఆగుతానని నాకు మాటిచ్చింది.

ఇవాళ సోమవారం.